ఒంటి మనిషి, లాంగ్ లైన్ డ్రైవరు, నెలకు ఐదు వేలలో ఒక గది: విజయవాడ కేస్ స్టడీ

విజయవాడలో ఒక మధ్యరకం ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నేను ట్రాఫిక్ చూస్తాను. ఏ బండికి ఏ లోడు, ఏ డ్రైవరు ఏ లైనుకి అన్నది అసలు పని. దానికి తోడు డ్రైవర్ల అడ్వాన్సులు, లైసెన్సు రెన్యువళ్ళు, ఆసుపత్రులు, ఇంటి గొడవలు కూడా ఎవరో ఒకరు చూడాలి కదా, అవి నా టేబుల్ మీదికే వస్తాయి. ఇది మా దగ్గర లాంగ్ లైన్, అంటే దూరపు రాష్ట్రాలకి లారీ తోలే ఒకాయనకి ఉండటానికి చోటు వెతికిన కేసు. పేరు రాయను. ఆఫీసులో నేను ఆయన్ని అన్నా అంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. పెళ్ళి కానివాళ్ళు, భార్య పోయినవాళ్ళు, విడిపోయినవాళ్ళు ఈ ఫీల్డులో చాలామందే ఉన్నారు. వాళ్ళు ఎక్కడ ఉంటున్నారు, ఎంత పెట్టగలరు అని ఎవరైనా కూర్చుని లెక్క వేయడం మాత్రం నేను చూడలేదు. అందుకే మొత్తం రాస్తున్నాను, డబ్బుల లెక్కతో సహా.

అన్నకి నలభై దాటాయి. సొంతూరు పాత ప్రకాశం జిల్లాలో కనిగిరి అవతల. పెళ్ళయింది, కొన్నేళ్ళకే విడాకులయ్యాయి, పిల్లలు లేరు. తల్లి ఉన్నన్నాళ్ళు బండి దిగగానే ఊరెళ్ళేవాడు. ఆవిడ పోయాక ఇల్లు తమ్ముడి వాటాకి వచ్చింది. రావద్దని ఎవరూ అనలేదు గానీ మూడో రోజు నుంచి మరదలి మొహం చూసి తనే బయల్దేరేవాడట. తోలేది పద్నాలుగు టైర్ల నేషనల్ పర్మిట్ బండి, ఎక్కువగా కోల్‌కతా, గువాహటి, అప్పుడప్పుడు ఢిల్లీ. బట్టలు సగం క్యాబిన్‌లో, కొన్ని మా యార్డు వాచ్‌మన్ గదిలో, మిగతావి ఒంగోలులో చెల్లెలి ఇంట్లో. ఇంచుమించు రెండేళ్ళు ఆయన అలా బండిలోనే బతికాడు.

సంగతి బయటపడింది ఒక కోర్టు నోటీసుతో. పాత యాక్సిడెంటు ఒకదాని మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిము పడింది. అలాంటి కేసుల్లో ఓనరుకి, ఇన్సూరెన్సు కంపెనీకి, డ్రైవరుకి విడివిడిగా నోటీసులు వెళ్తాయి. మాది మాకు అందింది, అన్నకి పంపింది ఊరి చిరునామాకి వెళ్ళి, అక్కడ లేరని తిరిగి వెళ్ళిపోయింది. డ్రైవరు హాజరు కాకపోతే ఆయన తరఫు మాట వినకుండానే ఎక్స్‌పార్టీ చేసేస్తారు. అదే సమయంలో లైసెన్సు గడువు కూడా దగ్గర పడింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఐదేళ్ళకోసారి రెన్యువల్, దానికి ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్, చిరునామా అన్నీ సరిగా ఉండాలి. బ్యాంకు వాళ్ళు పంపిన ఏటీఎం కార్డు కూడా అలాగే వెనక్కి పోయిందని అప్పుడు చెప్పాడు.

ఇంకొకటి కూడా ఉంది, నన్ను నిజంగా కదిలించింది అదే. సంక్రాంతికి అందరూ సెలవు అడుగుతారు. అప్పుడు లోడు వస్తే ఆఫీసులో ముందు వినపడేది అన్న పేరే. "ఆయనకేముంది, ఇల్లా వాకిలా, పంపించు" అంటారు. ఆయనా కాదనడు, ఎందుకంటే కాదంటే ఎక్కడికెళ్ళాలి? యార్డులో ఆగిన బండిలో పండగ రోజు కూర్చునే కంటే రోడ్డు మీద ఉండటమే నయం కదా. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే వారానికి ఒక రోజు విశ్రాంతి అని రాశారు. ఆ రోజు గడపడానికి చోటు లేని మనిషికి ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది. ఉండటానికి గది దొరికితే "నేను రెస్ట్‌లో ఉన్నా" అని చెప్పే ధైర్యం వస్తుందని నాకు అనిపించింది, తర్వాత అదే జరిగింది కూడా.

ముందు ఆయన్ని కూర్చోబెట్టి ఒక నెల ఎలా గడుస్తుందో రాయించాను. ఇది అందరూ చేయాల్సిన పని, ఎందుకంటే డ్రైవరు సెలవు మామూలు ఉద్యోగి సెలవులా ఉండదు. గువాహటి వెళ్ళొచ్చిన బండి ఇక్కడ ఖాళీ అయ్యాక, ఆటోనగర్‌లో గ్రీజు, బ్రేకులు, టైర్ల పని ఒకటి రెండు రోజులు, తర్వాత లోడు కోసం ఎదురుచూపు ఇంకో రోజో రెండు రోజులో. ఆ మధ్యలో ఏ క్షణమైనా ఫోన్ రావచ్చు, "లోడు దొరికింది, కాంటా వేయించాలి, రా" అని. అంటే ఆయన విజయవాడలో ఉండే ఏడెనిమిది రాత్రులూ ఖాళీ రాత్రులే గానీ, అరగంటలో యార్డుకి చేరగలిగేలా ఉండాల్సిన రాత్రులు. ఈ ఒక్క లెక్కతోనే సగం చోట్లు కొట్టుకుపోయాయి. అద్దె ఎంత అని మొదలుపెడితే తప్పుదారి పడతాం. బండి ఎక్కడ ఖాళీగా ఆగుతుంది, అక్కడ దానికి కాపలా ఎవరు, అన్నదాంతో మొదలుపెట్టాలి.

కాపలా సంగతి కొత్తవాళ్ళకి అర్థం కాదు, అందుకే కాస్త చెప్తాను. రోడ్డు పక్కన బండి వదిలి వెళ్తే డీజిల్ పోతుంది, బ్యాటరీలు పోతాయి, స్టెప్నీ పోతుంది. అవి పోతే కోత పడేది డ్రైవరు జీతంలోనే. కాబట్టి నెలకి పది వేల అద్దె కట్టే గది ఉన్నా సరే, బండికి భద్రమైన చోటు లేకపోతే డ్రైవరు బండిలోనే పడుకుంటాడు, గది తాళం వేసి ఉంటుంది. మా యార్డు ఎనికేపాడు దగ్గర, హైవేకి ఆనుకుని ఉంది, గేటు ఉంది, రాత్రి వాచ్‌మన్ ఉన్నాడు. కాబట్టి గది ఆ యార్డుకి షేర్ ఆటో దూరంలో ఉండాలి అని గీత గీసుకున్నాం.

ఊరు గురించి అన్న చాలాసేపు ఆలోచించాడు. అక్కడ పదిహేను వందలకి మంచి ఇల్లే దొరుకుతుంది, చిన్నప్పటి మనుషులుంటారు. కానీ రాత్రి బస్సెక్కితే తెల్లారి దిగుతాడు, వచ్చేటప్పుడు మళ్ళీ అంతే, మూడు రోజుల విరామంలో రెండు రాత్రులు బస్సుకే పోతాయి. పైగా మధ్యలో ఫోన్ వస్తే ఆ ట్రిప్పు ఇంకొకరికి పోతుంది, దాంతో పాటు ట్రిప్పుకిచ్చే బత్తా కూడా. "ఊరు ముసలితనంలో చూసుకుందాంలే తమ్ముడూ" అని తనే అన్నాడు. నేను ఒత్తిడి చేయలేదు.

ఆటోనగర్ పక్కనే చూద్దామంటే పటమట, కానూరు వైపు చిన్న పోర్షన్ ఏదైనా ఏడెనిమిది వేలకి తగ్గలేదు. సింగ్‌నగర్, పాయకాపురం వైపు తక్కువకే ఉన్నాయి, అక్కడ ఒకటి మూడున్నర వేలకి కూడా వచ్చింది, గది బాగుంది. నేనే వద్దన్నాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు ఆ కాలనీలు రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాయి. ఇంట్లో మనిషి ఉంటే కనీసం సర్టిఫికెట్లు, బట్టలు పైకి ఎక్కిస్తాడు. మనవాడు అప్పుడు అస్సాంలో ఉంటాడు. ఒంటి మనిషి గది చూసేటప్పుడు "నేను లేనప్పుడు ఈ గదికి ఏమవుతుంది" అన్నది మొదటి ప్రశ్నగా ఉండాలి, కుటుంబం ఉన్నవాడికి అది అంత పెద్ద ప్రశ్న కాదు.

మెన్స్ హాస్టల్ కూడా చూశాం. భోజనంతో కలిపి నెలకి ఆరున్నర వేలు, గదికి నలుగురు. నెలలో ఇరవై రోజులు తినని భోజనానికి డబ్బు కట్టాలి, అది ఒకటి. రెండోది, లాంగ్ లైన్ డ్రైవరు పగలు పడుకునే మనిషి. రాత్రంతా తోలి తెల్లవారుజామున దిగుతాడు, హాస్టల్లో అప్పుడే అందరూ లేస్తారు, ఫోన్లు, టీవీ, బాత్రూం క్యూ. నిద్రపట్టని డ్రైవరుని మళ్ళీ లోడు ఎక్కించి పంపడం అంటే ఏమిటో మా ఫీల్డులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

లాడ్జి లెక్క మాత్రం నిజాయితీగా రాయాలి. రాత్రికి ఆరేడు వందల లాడ్జిలో నెలకి ఎనిమిది రాత్రులు ఉంటే ఐదు వేల చిల్లర అవుతుంది, అంటే గది అద్దెకి సమానమే. ఒట్టి డబ్బే చూస్తే లాడ్జి తప్పేం కాదు, పైగా అడ్వాన్సు లేదు. కానీ లాడ్జి చిరునామాతో లైసెన్సు రాదు, పెట్టె పెట్టుకోవడానికి ఉండదు, జ్వరం వస్తే నాలుగు రోజులు పడుకోవాలంటే బిల్లు చూసి భయపడి లేచి కూర్చుంటాడు. హైవేల మీద పెట్రోలు బంకుల్లో ఆయిల్ కంపెనీలు అప్నా ఘర్ పేరుతో డ్రైవర్లకి పడకలు, స్నానాల గదులు పెట్టాయి. లైన్‌లో ఉన్నప్పుడు అవి వాడుకోమని మా డ్రైవర్లందరికీ చెప్తాను, అయితే అవి దారిలో రాత్రి గడపడానికి, మకాం పెట్టడానికి కాదు. ఇక క్యాబిన్‌లోనే ఉండిపోవడం అంటారా, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ట్రక్కులకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు గానీ మా బండి అంతకు ముందుది, మే నెలలో పగలు అందులో పడుకోవడం మనిషి చేయగలిగిన పని కాదు.

చివరికి నిడమానూరులో, హైవే వైపు, కింది ఇంటి మీద రెండంతస్తులున్న చోట మొదటి అంతస్తు గది దొరికింది. నిడమానూరు కూడా బుడమేరుకి దూరమేం కాదు, అందుకే వరదప్పుడు ఆ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయని ఎదురింటి వాళ్ళని, చివరి కిరాణా కొట్టాయన్ని విడివిడిగా అడిగి తెలుసుకున్నాం. ఇంటివాళ్ళని అడిగితే ఎప్పుడూ "అస్సలు రాలేదండీ" అనే అంటారు కదా. కింద గది అయితే నీళ్ళ భయం, మేడ మీద రేకుల గది అయితే పగలు పొయ్యి, కాబట్టి పైన ఇంకో స్లాబు ఉన్న మధ్య అంతస్తే కావాలని పట్టుబట్టాం. మెట్లు బయట నుంచి విడిగా ఉండాలి అన్నది ఇంకో షరతు. రాత్రి రెండింటికి వచ్చి గేటు కొట్టి ఇంటివాళ్ళని లేపే మనిషికి రెండో నెలలోనే ఖాళీ చేయమంటారు. కిటికీ ఒకటే, అది కూడా ఉత్తరం వైపు, మామూలుగా ఇది లోపం, మాకు మాత్రం పగటి నిద్రకి బాగా పనికొచ్చింది.

ఇల్లు చూడటం కంటే ఇల్లు ఇవ్వమని ఒప్పించడం కష్టమైంది. ఫోన్‌లో "డ్రైవరు" అనగానే ఇచ్చేశామండీ అని పెట్టేసినవాళ్ళు చాలామంది. కొందరు పెళ్ళి కాలేదా, భార్య ఏదీ, అని అడిగి ఆగిపోయారు. కొందరు "మీరేమిట్లు" అని, అంటే ఏ కులమని అడిగి, చెప్పాక మళ్ళీ చేస్తామన్నారు, చేయలేదు. ఇరవై ఏళ్ళుగా పెద్ద ప్రమాదం లేకుండా లక్షల విలువైన సరుకు దేశం ఆ చివరికి చేర్చి వస్తున్న మనిషికి, పది అడుగుల గది ఇవ్వడానికి ఇన్ని ప్రశ్నలా అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మేం ఫోన్లు మానేసి మనిషిగా వెళ్ళడం మొదలుపెట్టాం. నేను ఆఫీసు లెటర్‌హెడ్ మీద ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నాడో, జీతం ఎంతో, అద్దె ఆలస్యమైతే ఆఫీసు బాధ్యత తీసుకుంటుందని రాసి, ఓనరు సంతకం చేయించి పట్టుకెళ్ళాను. మాట్లాడేటప్పుడు ఒకే విషయం నొక్కి చెప్పాను: నెలలో ఏడెనిమిది రాత్రులే ఉంటాడు, నీళ్ళు వాడకం తక్కువ, గోడలు పాడవవు, అద్దె మాత్రం నెల మొత్తానిదీ వస్తుంది. ఇంటావిడ పెద్దావిడ, భర్త లేరు, కింద ఒక్కరే ఉంటారు. ఆవిడ అన్ననే సూటిగా అడిగింది, "తాగుతావా నాయనా?" అని. "లైన్‌లో తాగను పిన్నీ, ఇంట్లో కూడా తాగను, ఎప్పుడైనా తాగితే ఆ రోజు ఇంటికి రాను" అన్నాడు. ఆవిడ ఒప్పుకుంది. ఆ సమాధానం నేను నేర్పింది కాదు.

డబ్బు లెక్క ఇదీ. మంచి నెలలో జీతం, బత్తా కలిపి దారి ఖర్చులు పోగా పాతిక వేల దాకా మిగులుతాయి, వానాకాలంలో బండి ఆగితే పదిహేను వేలకి పడిపోతుంది. నేను చెడ్డ నెలని పట్టుకుని లెక్క వేస్తాను. ఆ పదిహేను వేలలో మూడో వంతు దాటకూడదు, అంటే ఐదు వేలు. అద్దె నాలుగున్నర వేలు, కరెంటుకి, నీళ్ళ మోటారుకి కలిపి నాలుగైదు వందలు, అంతే. అడ్వాన్సు రెండు నెలలది, అంటే తొమ్మిది వేలు. మొదటి నెల అద్దె, మంచం, పరుపు, ఫ్యాను, ఒక ఇనప బీరువా సెకండ్ హ్యాండ్‌ది, అన్నీ కలిపి ఇరవై రెండు వేలు దాటింది. ఇందులో అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి పదమూడున్నర వేలు ఆఫీసు వడ్డీ లేకుండా ఇచ్చి, నెలకి పదిహేను వందలు పట్టుకుంది. ఓనరు మొదట కుదరదన్నారు. గది ఉన్న డ్రైవరు ఇంకో ఆఫీసుకి పారిపోడు, చేయి తిరిగిన లాంగ్ లైన్ డ్రైవరు వెళ్ళిపోతే బండి ఎన్ని రోజులు ఆగుతుందో చూడండి అని ఖాళీ రోజుల కిరాయి నష్టం రాసి చూపించాక ఇచ్చారు. వంటకి పెద్ద సిలిండర్ కనెక్షన్ కోసం తిరగలేదు, గుర్తింపు కార్డు చూపిస్తే దొరికే ఐదు కిలోల చిన్న సిలిండర్ తెచ్చుకున్నాడు, ఆయన వంటకి అది చాలాకాలం వస్తుంది. అద్దె ఐదో తారీఖున ఖాతా నుంచి తనంతట తానే వెళ్ళేలా పెట్టాం. ఆయన ఎక్కడో అన్‌లోడింగ్ కోసం మూడు రోజులు క్యూలో ఉండి, సిగ్నల్ లేక, అద్దె ఆలస్యమై, ఇక్కడ పిన్నిగారి నమ్మకం పోవడం జరగకూడదు.

కాగితాల దగ్గర వరుస ముఖ్యం. ముందు పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకున్నాం. తర్వాత ఆధార్. దానికి ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ నమూనా సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది, ఫొటో అంటించి గెజిటెడ్ అధికారి చేత సంతకం చేయించుకుంటే చిరునామా రుజువుగా తీసుకుంటారు, మేం ఆ దారిలో వెళ్ళాం. ఆధార్ మారాక లైసెన్సులో చిరునామా, రెన్యువల్ కలిపి పెట్టుకున్నాం, ఆ తర్వాత బ్యాంకు. ట్రిబ్యునల్ కేసులో మా వకీలు ద్వారా కొత్త చిరునామా ఇచ్చి హాజరయ్యాడు. బ్యాంకులో కూర్చున్నప్పుడు ఇంకో విషయం బయటపడింది. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో, అంటే ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వచ్చే దాంట్లో, నామినీగా ఇంకా విడాకులైన భార్య పేరే ఉంది. ఖాతాకి కూడా అదే పేరు. రెండూ చెల్లెలి పేరుకి మార్చాం. విడిపోయిన డ్రైవర్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ వారమే మీ నామినీ ఎవరో చూసుకోండి.

గది దొరికినంత మాత్రాన మనిషి అందులో ఉంటాడని అనుకోవద్దు. మొదటి రెండు మూడు ట్రిప్పులు తిరిగొచ్చాక కూడా అన్న బండిలోనే పడుకున్నాడు, నిశ్శబ్దంగా ఉంటే నిద్ర రావడం లేదన్నాడు. నేనేమీ అనలేదు, కాకపోతే వాచ్‌మన్ గదిలో ఉన్న ఆయన పెట్టెని ఒక ఆదివారం ఆటోలో వేసి నిడమానూరు పంపించాను. ఉతికిన బట్టలు అక్కడే ఉంటే వెళ్ళక తప్పదు. మెల్లగా అలవాటైంది. వానాకాలంలో మూసి ఉంచిన గదిలో బూజు పట్టి పరుపు పాడైంది, అప్పటి నుంచి తాళం ఒకటి పిన్నిగారి దగ్గర ఉంచి, రెండు మూడు రోజులకోసారి కిటికీ తీయమని చెప్పాం. బదులుగా వచ్చినప్పుడు ఆవిడకి గ్యాసు, బియ్యం బస్తా మోసిపెట్టడం, మోటారు పాడైతే విప్పి చూడటం ఇతని పని. ఉత్తరాలు ఆవిడే తీసుకుని ఫోన్ చేస్తుంది. ఈ ఏర్పాటు లేకపోతే గది చిరునామాగా పనికొచ్చేది కాదు, తాళం వేసిన తలుపు దగ్గర పోస్ట్‌మన్ మాత్రం ఏం చేస్తాడు. అందుకే ఇప్పుడు ఏ డ్రైవరుకైనా గది చూడబోతే, అద్దె అడిగే ముందు కింద రోజంతా ఎవరుంటారు అని అడుగుతున్నాను.

మొన్న సంక్రాంతికి విశాఖ లోడు ఒకటి వచ్చింది, మామూలుగానే ఆయన పేరు చెప్పారు. ఫోన్ చేస్తే, "రెస్ట్‌లో ఉన్నా తమ్ముడూ, కనుమ దాటాక చెప్పు" అన్నాడు. ఆ లోడు ఇంకొకరికి డబుల్ బత్తా ఇచ్చి పంపాం. ఆఫీసులో కాస్త గొణిగారు. పండగ డ్యూటీకి డబుల్ బత్తా అన్నది ఇప్పుడు అందరికీ ఒకే రూలుగా పెట్టమని ఓనరుని అడుగుతున్నాను, ఇంకా తేలలేదు.

మిగిలింది రైస్ కార్డు, అంటే రేషన్ కార్డు. ఆయన పేరు ఇప్పటికీ ఊళ్ళో తమ్ముడి కార్డులోనే ఉంది, ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్‌టీఆర్ వైద్య సేవ కింద ఆసుపత్రిలో చేరాలంటే ఆ కార్డే ఆధారం, తమ్ముడింట్లో ఏదైనా మారితే ఈయన పేరు కూడా చిక్కుల్లో పడుతుంది. విడిగా కార్డు కోసం సచివాలయంలో అర్జీ పెట్టాం, రసీదు పిన్నిగారి బీరువాలో ఉంది. కార్డు వస్తే అందులో పడే చిరునామా నిడమానూరుదే.